మూడు సెకన్ల వెలుతురు

ఆఫీసులో అందరూ అతన్ని పొగరాజు అనేవాళ్ళు. యుద్ధం మొదలైన ఈ మూడేళ్ళలో ఊళ్ళో ఎక్కడ పొగ లేచినా, మంటలార్పే బండికంటే ముందు కెమెరాతో అక్కడ ఉండేది అతనే. ఆ పేరులో పొగరు కూడా కలిసి వస్తుందని అతనికి తెలుసు. తెలిసినా నొచ్చుకోలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే పత్రికకి ఫోటోలు తీస్తున్న మనిషికి ఆ మాత్రం ఉండాలనే అతని ఉద్దేశం. కూలిన వంతెన, కాలిన గోదాము, శిథిలాల మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డ మంత్రి, ఇలా మొదటి పేజీలో ఏ బొమ్మ పడినా కింద అతని పేరే ఉండేది.

అతని భార్యని వీధుల్లో పోస్టమ్మ అనేవాళ్ళు. పదహారేళ్ళు పోస్టాఫీసు వెనకగదిలో కూర్చుని ఉత్తరాలు వేరుచేసిన మనిషి. ఉత్తరాలు పంచే మగవాళ్ళంతా సరిహద్దుకి వెళ్ళిపోయాక పోస్టుమాస్టరు ఒకరోజు ఆమె భుజానికి సంచీ తగిలించి, "ఇక నువ్వే తిరగాలమ్మా" అన్నాడు. లిఫ్టులు నడవని ఐదంతస్తుల మేడలు. రోజుకి ఎన్ని వందల మెట్లో. మొదటి వారం పాదాలు పొంగి చెప్పులు పట్టలేదు. రెండో నెలకల్లా ఏ తలుపు వెనక ఎవరు దగ్గుతున్నారో కూడా చెప్పగలిగేది.

ఆమె చేతికి కెమెరా వచ్చింది కూడా ఆ మెట్ల మీదే. "మా ఫోటో ఒకటి పంపమని మావాడు సరిహద్దునుంచి రాశాడమ్మా. స్టూడియోలన్నీ మూసేశారు, ఏం చెయ్యను?" అని ఒక ముసలాయన అడిగాడు. తర్వాత మరో ఇల్లాలు అడిగింది. పోస్టమ్మ ఇంటికొచ్చి, "ఏమండీ, అటక మీద మీ పాత కెమెరా ఒకటి పడుంది కదా, నాకివ్వరూ?" అంది.

పొగరాజు నవ్వాడు. "దాని లెన్సు పక్కన గీత పడిందే. సరేలే, నీ చేతికి అదే ఎక్కువ." పది నిమిషాల్లో నేర్పేశాడు. ఇది తిప్పు, ఇది నొక్కు, సూర్యుడికి ఎదురుగా నిలబడకు.

పత్రిక వాళ్ళ చీకటిగది కప్పు కూలిపోయినప్పటినుంచి అతను ఇంట్లో స్నానాలగదినే చీకటిగది చేసుకున్నాడు. కిటికీకి దుప్పటి, తొట్టి మీద అడ్డంగా చెక్క, చెక్క మీద మూడు పళ్ళేలు. కరెంటు పదింటినుంచి పన్నెండింటి దాకానే. ఆ రెండు గంటల్లో తన రోల్సు కడుక్కుని, మిగిలిన టైములో పెద్దమనసు చేసుకుని ఆమెవి కూడా కడిగేవాడు. "ఇదిగో, ఇక్కడ గోడ పక్కకి ఒరిగింది చూడు. ఇక్కడ ఆవిడ తల సగం తెగ్గొట్టావు" అని పిల్లలకి తప్పులు దిద్దినట్టు చెప్పేవాడు. ఆమె తలూపేది.

మూడో నెలలో ఒకరోజు, పళ్ళెంలో తేలుతున్న కాగితం మీద ఒక బొమ్మ మెల్లగా పైకి వచ్చింది. ఆగిపోయిన లిఫ్టులో ఒక మంగలి తన కుర్చీ వేసుకున్నాడు. అద్దం ఎలాగూ లిఫ్టులో ఉంది. కుర్చీలో కూర్చున్నాయన గడ్డం నిండా నురగ. బయట మెట్ల మీద ముగ్గురు తమ వంతు కోసం కూర్చున్నారు. అందులో ఒకడు దేనికో పగలబడి నవ్వుతున్నాడు. ఎవరూ కెమెరా వైపు చూడటం లేదు. అక్కడ కెమెరా ఉన్నట్టే లేదు.

పొగరాజు పటకారుతో దాన్ని పైకెత్తి, నీళ్ళు కారుతుండగానే చాలాసేపు చూశాడు. గోడ ఒరిగిందేమోనని వెతికాడు. ఒరగలేదు. ఎవరి తలా తెగలేదు. దాన్ని తన ప్రింట్ల వెనక, ఆరబెట్టే తీగ చివరన తగిలించాడు.

ఆ తర్వాత ప్రతి రోల్లోనూ అలాంటిది ఒకటో రెండో ఉండేవి. బాంబులు పడితే అద్దాలు మీద పడకుండా, కిటికీ లేని గది అదొక్కటేనని స్నానాలగది తొట్టిలో పరుపు వేసుకుని, ముక్కు మీద కళ్ళద్దాలతోనే నిద్రపోతున్న రిటైరైన పంతులమ్మ. ఒక చేత్తో కూర కలుపుతూ, రెండో చేతిలో విప్పని ఉత్తరం పట్టుకుని, కూర ఉడికేదాకా విప్పనని మొండికేసిన ఇల్లాలు. ఇరవై ఆరేళ్ళలో అతను ఎన్ని వందల ఇళ్ళ ముందు నిలబడ్డాడో. తలుపు తీసినవాళ్ళు అతని కెమెరా చూడగానే జుట్టు సర్దుకునేవాళ్ళు, లేకపోతే ఏడుపు మొదలుపెట్టేవాళ్ళు. అతని ముందు మనుషులు మనుషుల్లా ఉండటం ఎప్పుడో మానేశారు. ఈవిడ ముందు కూర కలుపుతున్నారు!

"నీకు వాళ్ళు అంత సులువుగా ఎలా దొరుకుతారే?" అని అడిగాడు ఒకసారి, మాటల్లో మాటగా అన్నట్టు.

"దొరకడమేముందండీ. బూడిదరంగు కవరు ఇచ్చినప్పుడు నేను వెంటనే వచ్చెయ్యను. వాళ్ళు చదివేదాకా పక్కన కూర్చుంటాను. అందుకేనేమో, మామూలు రోజుల్లో కూడా కూర్చోమంటారు." బూడిదరంగు కవరంటే సైన్యం నుంచి వచ్చే చావు కబురు.

అతను పళ్ళేలు కడగడానికి లేచాడు.

వేసవి మొదట్లో ఒక విదేశీ ప్రచురణ సంస్థ నుంచి ఎడిటరమ్మ ఊరికి వచ్చింది. యుద్ధంలో ఉన్న దేశంలో మామూలు మనుషుల రోజులు ఎలా గడుస్తాయో చూపించే ఫోటోల పుస్తకం వేస్తున్నారట. పత్రికాఫీసులో అడిగితే అందరూ పొగరాజు పేరే చెప్పారు. అతను ఇంటికి రమ్మని పిలిచాడు. బల్ల తుడిచి, మూడేళ్ళ ఆల్బమ్ తీసి, చొక్కా మార్చుకుని కూర్చున్నాడు.

ఎడిటరమ్మ ఆల్బమ్‌లో పదకొండు పేజీలు తిప్పింది. అతను లెక్కపెట్టాడు కాబట్టి తెలుసు. పన్నెండో పేజీ మీద చెయ్యి ఉండగా ఆమె చూపు స్నానాలగది వైపు వెళ్ళింది. తలుపు తీసే ఉంది. లోపల తీగ మీద పోస్టమ్మ ప్రింట్లు ఆరుతున్నాయి. ఆమె లేచి వెళ్ళి, ఒక్కొక్క ప్రింటు దగ్గరా ఆగి చూసింది. మంగలి దగ్గర చిన్నగా నవ్వింది. కూర కలుపుతున్న ఇల్లాలి దగ్గర ఆ నవ్వు పోయింది.

"ఇవి కూడా మీరే తీశారా?"

పొగరాజు తీగ వైపు చూశాడు. అవునంటే ఏమవుతుంది? పోస్టమ్మ ఇంట్లో లేదు. "కాదు, మా ఆవిడవి" అన్నాడు. "ఏదో సరదాకి తీస్తుంటుంది."

ఎడిటరమ్మ మళ్ళీ బల్ల దగ్గరికి రాలేదు. పన్నెండో పేజీ తిరగలేదు. "ఇలాంటివి ఇంకో పది కావాలి. వారంలో వెళ్ళిపోతున్నాను. ఆవిడతో చెప్పండి" అని చిరునామా రాసిచ్చి వెళ్ళిపోయింది.

ఆ కబురు భార్యకి అతనే చెప్పాల్సి వచ్చింది. పోస్టమ్మ మొహం వెలిగిపోయింది. వెంటనే భర్త మొహం చూసి, ఆ వెలుగు కాస్త తగ్గించుకుంది. ఆ తగ్గించుకోవడం చూసి అతనికి ఇంకా ఒళ్ళు మండింది. జాలి పడుతోందా నామీద? నా పాత కెమెరాతో, నా మందులతో, నా స్నానాలగదిలో?

మర్నాటినుంచి ఆఫీసులో అందరూ, "ఏమండోయ్ పొగరాజుగారూ, ఇంట్లోనే పోటీ తయారైందటగా!" అని నవ్వడం. అతనూ నవ్వేవాడు. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టేవి.

నాలుగో రోజు పొద్దున పోస్టమ్మ సంచీ భుజానికెత్తుకుంటూ ఒక రోల్ అతని చేతిలో పెట్టింది. "ఇది కాస్త జాగ్రత్తగా చూడండి. దీనిమీద నాకే ఆశగా ఉంది" అని వెళ్ళింది.

పదింటికి కరెంటు వచ్చింది. అతను చీకట్లో, వెలుతురు సోకకుండా, ఫిల్మును చుట్టకెక్కించి డబ్బాలో పెట్టి, మూత బిగించి, దీపం వేశాడు. బొమ్మల్ని పైకి తెచ్చే మందు పోశాడు. గడియారం చూస్తూ డబ్బా అటూ ఇటూ ఊపాడు. వేల సార్లు చేసిన పని. నాలుగో నిమిషంలో అతని చెయ్యి మూత మీదికి వెళ్ళింది. చెయ్యి దానంతటదే వెళ్ళిందని తర్వాత తనకి తాను చెప్పుకోవాలని చూశాడు గాని కుదరలేదు. మూత తీశాడు. దీపం వెలుగు లోపలికి పడింది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ బిగించాడు. మిగిలిన పనంతా ఎప్పటిలాగే శుభ్రంగా, టైము ప్రకారం చేశాడు.

ఫిల్ము ఈ చివరనుంచి ఆ చివరకి మసిబొగ్గులా వచ్చింది.

మధ్యాహ్నం పోస్టమ్మ వస్తే, "ఫిల్ము పాతదే. ఈ మధ్య అన్నీ గడువు దాటినవే వస్తున్నాయి" అన్నాడు.

ఆమె ఆ నల్లటి ఫిల్మును కిటికీకి ఎత్తి చూసింది. మంచం మీద కూలబడింది. కాసేపటికి, "పోనీలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు" అంది. ఫిల్మును చుట్టి బిస్కెట్ల డబ్బాలో దాచింది. ఏదీ పారేసే అలవాటు లేదు ఆమెకి.

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. అయినా నిజం చెప్పాలంటే, ఆరోజు అతను చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాడు.

పన్నెండు రోజులు గడిచాయి. రోడ్డు మూసెయ్యడంతో ఎడిటరమ్మ ఊళ్ళోనే ఇరుక్కుపోయింది. ఒకరోజు పొద్దున పోస్టమ్మ వెళ్ళిన గంటకి తలుపు చప్పుడైంది. ఎదురుగా ఒక పొట్టి ఆవిడ. జాకెట్టు మీద గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. మూడు వీధుల అవతల మేడలో, మూడో అంతస్తులో ఉండే కుట్టుపనావిడ.

"పోస్టమ్మ లేదని తెలుసు నాయనా. మీ కోసమే వచ్చాను."

లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. చెప్పాల్సింది గబగబా చెప్పేసింది, ఆగితే చెప్పలేనన్నట్టు. కొడుకు నాలుగు రోజుల సెలవు మీద వచ్చాడు. వెళ్ళిన వారానికి బూడిదరంగు కవరు వచ్చింది. మొన్న పోస్టమ్మే తెచ్చి, పక్కనే కూర్చుంది. "వాడికి ఫోటో అంటే చిన్నప్పటినుంచీ పారిపోవడమే. ఒక్కటీ లేదు. సైన్యం వాళ్ళ కార్డు మీద ఉన్నది వాడితోనే పోయింది. సెలవులో మెట్ల మీద కూర్చుని నాకు బంగాళాదుంపలు తరిగిపెడుతుంటే పోస్టమ్మ తీసింది. ఆవిడ తీస్తే ఏమనలేదు. ఆ ఫోటో ఇమ్మంటే ఫిల్ము పాడైపోయిందని ఆవిడా ఏడ్చింది."

పొగరాజు చూపు బిస్కెట్ల డబ్బా మీదికి పోయింది.

"మీరు పెద్ద ఫోటోగ్రాఫరని అందరూ అంటారు," అందావిడ. "పెద్దవాళ్ళకి ఏదో ఒక ఉపాయం తెలుస్తుంది కదా. వాడి మొహం కాకపోయినా ఫర్వాలేదు. ఏది కనపడితే అది."

"చూస్తానమ్మా," అన్నాడు.

ఆవిడ వెళ్ళాక బిస్కెట్ల డబ్బా తీశాడు. ఫిల్మును దీపానికి దగ్గరగా పెట్టి అంగుళం అంగుళం చూశాడు. చుట్టలో బయటి వరసలు పూర్తిగా పోయాయి. లోపలి వరసలు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి కాబోలు, చివరి నాలుగు బొమ్మల్లో నలుపు కాస్త పలచగా ఉంది. నలుపుని కొద్దికొద్దిగా కరిగించే మందు ఒకటుంది. ఒక్క చుక్క ఎక్కువైతే బొమ్మ కూడా కరిగిపోతుంది. రోజుకి రెండు గంటల కరెంటుతో ఆ పని మొదలుపెట్టాడు. ఆఫీసుకి జ్వరమని కబురు పంపాడు. రెండు చోట్ల పొగ లేచిందట, వెళ్ళలేదు. మొదటి రోజు ఒక బొమ్మ కరిగి మాయమైంది. రెండో రోజు ఇంకొకటి. భార్య అడిగితే, "పాత ఫిల్మే, ఏమన్నా వస్తుందేమో చూస్తున్నా" అన్నాడు. ఆమె అతనివైపు ఎంతో కృతజ్ఞతగా చూసింది. ఆ చూపుకి అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

నాలుగో రోజు, మిగిలిన కొద్ది కాగితాల్లో ఒకదాని మీద బొమ్మ పైకొచ్చింది.

మెట్ల వరస. దానిమీద మంచు కమ్మినట్టు బూడిదరంగు గరుకు. ఆ గరుకులోంచి వంచిన తల, పెద్ద చెవి, కత్తి పట్టుకున్న చెయ్యి, చేతికింద తెగకుండా వేలాడుతున్న పొడవాటి తొక్క. తల వంచినా కళ్ళు మాత్రం పైకెత్తి తీసేవాళ్ళని చూస్తున్నాడు. నవ్వబోతున్నాడు. ఇంకా నవ్వలేదు.

పొగరాజు కళ్ళు చెమర్చాయి. సరిగ్గా ఆ క్షణంలోనే, అంత సిగ్గులోనూ, పాత కుళ్ళు మళ్ళీ తలెత్తింది. ఏ మనిషీ ఎప్పుడూ తన లెన్సులోకి ఇలా చూడలేదు. చచ్చిపోయిన కుర్రాడి మీద కూడా కన్నుకుట్టిన తనలాంటివాడు ఎక్కడైనా ఉంటాడా అనుకున్నాడు. రెండో ప్రింటు కూడా తీసి తీగకి తగిలించాడు.

పోస్టమ్మ సంచీ దింపకుండానే గుమ్మంలోకి వచ్చింది. తడి ప్రింటు చూసి, "వచ్చాడు!" అంది. "ఏమండీ, ఎలా తెచ్చారండీ వీణ్ణి?"

"ఫిల్ము పాతది కాదు," అన్నాడతను. "నేనే మూత తీశాను."

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచీ దింపి, తొట్టి అంచున కూర్చుంది.

"ఎంతసేపు?"

"మూడు సెకన్లు."

"ఎందుకు?"

"నీవి బాగుంటున్నాయని."

తీగ మీది ప్రింటు నుంచి నీటిచుక్కలు పళ్ళెంలో పడుతున్నాయి. అతను తట్టుకోలేక, "అందులో ఆ అబ్బాయి ఉన్నాడని నాకు తెలీదు" అన్నాడు.

"తెలిస్తే మానేసేవారా?"

మానేసేవాణ్ణని చెప్పడానికి నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి కళ్ళలోకి చూస్తూ ఆ మాట అనలేకపోయాడు.

ఆమె లేచింది. "ఆవిడకి మీరే ఇచ్చి రండి. ఇచ్చి ఊరుకోవడం కాదు, చెప్పి రండి."

అతను వెళ్ళాడు. మూడంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. రోజూ ఆమె ఇవే ఎక్కుతోందని అప్పుడు గుర్తొచ్చింది. కుట్టుపనావిడ తలుపు తీసింది. గదిలో కుట్టుమిషను మీద సగం కుట్టిన కోటు ఉంది. ప్రింటుని రెండు చేతులతో అందుకుని, వెలుతురుకి తిప్పింది. వేలితో ఆ చెవిని తాకి, "వాళ్ళ తాత చెవులు," అంది. "స్కూల్లో అందరూ ఏడిపించేవాళ్ళు."

"అమ్మా, ఫిల్ము పాడైంది నావల్లే. మూత తెరిచింది నేనే."

ఆవిడ తల ఎత్తింది. "చెయ్యి జారిందా నాయనా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. ఆవిడ కూర్చోమనేది కూడా. గది లోపల కుర్చీ కనపడుతూనే ఉంది.

"లేదమ్మా, జారలేదు."

ఆవిడ అతనివైపు కొంచెంసేపు చూసింది. కోప్పడలేదు. ప్రింటుని గుండెకి ఆనించుకుని, మెల్లగా తలుపు వేసేసింది. గొళ్ళెం పడిన చప్పుడు విని అతను మెట్లు దిగాడు.

రెండు రోజుల తర్వాత ఎడిటరమ్మ వచ్చింది. పోస్టమ్మ తనవి బల్ల మీద పరిచింది. ఎడిటరమ్మ చూపు మళ్ళీ స్నానాలగదిలోకే పోయింది. తీగ మీద రెండో ప్రింటు ఇంకా ఉంది.

"ఇది," అంది ఎడిటరమ్మ. గొంతు తగ్గింది. "ఇది అట్ట మీద వేస్తాం. పొగమంచులోంచి చూస్తున్నట్టుంది. ఇలా ఎలా తీశారు?"

"అలా తియ్యలేదండీ. పాడైపోతే మా ఆయన బాగుచేశారు," అంది పోస్టమ్మ.

ఎడిటరమ్మ పొగరాజు వైపు తిరిగింది. "మీరా? పాడైన ఫిల్ము నుంచి ఇలాంటి ప్రింటు తీసినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. మీ చెయ్యి మామూలు చెయ్యి కాదు."

ఇరవై ఆరేళ్ళుగా ఎవరో ఒకరు ఆ మాట అంటారని ఎదురుచూశాడు. అన్నారు. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. పోస్టమ్మ అతని గుట్టు విప్పుతుందేమోనని చూశాడు. ఆమె విప్పలేదు. "మా ఆయనకి పని బాగా వచ్చు," అని మాత్రం అంది. దానికంటే గుట్టు విప్పి ఉంటేనే నయమనిపించింది.

"కానీ అది ఇవ్వనండీ," అంది పోస్టమ్మ. "అది వాళ్ళమ్మది. మిగతావి తీసుకోండి."

"అట్ట మీదండీ! దేశదేశాల్లో చూస్తారు," అంది ఎడిటరమ్మ. పొగరాజు కూడా ఉండబట్టలేక, "పిచ్చా నీకు? ఇలాంటి అవకాశం మళ్ళీ వస్తుందా?" అన్నాడు. ఆ క్షణంలో నిజంగానే అతనికి ఆమె మీద కోపం వచ్చింది. తనకి వస్తే రెండు చేతులా లాక్కునే అవకాశాన్ని ఈవిడ పక్కకి నెట్టేస్తోంది, అదీ గొంతు పెంచకుండా. ఆమె తీసిన బొమ్మల మీద ఇన్నాళ్ళూ అసూయపడ్డాడు. ఆ "ఇవ్వను" అనగలగడం మీద ఆరోజు అంతకంటే ఎక్కువ పడ్డాడు.

"రాకపోతే పోనీండి," అంది పోస్టమ్మ. రెండో ప్రింటు కూడా తీగ మీంచి తీసి సంచీలో పెట్టుకుంది. మర్నాడు కుట్టుపనావిడకి ఇచ్చేసింది.

పుస్తకం శీతాకాలంలో వచ్చింది. అట్ట మీద లిఫ్టులో మంగలి. లోపల ఆమెవి ఎనిమిది. పొగరాజు తీసిన పొగ ఒకటి మొదట్లో, ఏ ఊరో చెప్పడానికన్నట్టు చిన్నదిగా వేశారు. ఆఫీసులో అందరూ ఆ పుస్తకం తిప్పుతుంటే అతను కూడా పక్కన నిలబడి ప్రతి పేజీలోనూ ఏదైనా వంక దొరుకుతుందేమోనని చూశాడు. ఒకచోట గోడ నిజంగానే ఒరిగింది. ఆ విషయం ఎవరితోనూ అనలేదు గాని, రోజంతా దాన్నే తలుచుకున్నాడు.

ఇంట్లో పోస్టమ్మ మామూలుగానే ఉంది. రొట్టె కోసి పెడుతుంది, చొక్కా బొత్తాలు కుడుతుంది, వీధుల కబుర్లు చెబుతుంది. కాకపోతే ఆ రోజు తర్వాత తన రోల్ ఒక్కటి కూడా అతని చేతికివ్వలేదు. ఎలా కడగాలో నేర్పమని అడిగింది. అతను నేర్పాడు, ఈసారి పది నిమిషాల్లో కాదు, పది రోజులు కూర్చుని. నేర్చుకున్నాక ఆమె ఆదివారాలు స్నానాలగదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకునేది.

అలాంటి ఒక ఆదివారం అతను తలుపు బయట పీట వేసుకుని బూట్లు తుడుచుకుంటున్నాడు. లోపల నీళ్ళ చప్పుడు, డబ్బా ఊపుతున్న చప్పుడు. ఆ చప్పుడులో తడబాటు లేదు. తనకంటే మెత్తగా ఊపుతోంది.

"ఏమండీ," అని లోపలినుంచి పిలిచింది. "మందు వేడి ఎంతుండాలన్నారు? మర్చిపోయాను."

అతను బ్రష్షు ఆపాడు. తప్పు అంకె ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది.

"ఇరవై," అన్నాడు. "ఇరవై మీద ఒక్క డిగ్రీ కూడా ఉండకూడదు."

"ఆఁ," అంది పోస్టమ్మ, తలుపు వెనకనుంచి.